వాంసదా జాతీయ ఉద్యానం

వాంసదా జాతీయ ఉద్యానం దక్షిణ గుజరాత్‌లో, నవసారి జిల్లా వాంసదా తాలూకాలో, డాంగ్ జిల్లా పొలిమేరను ఆనుకొని ఉన్న రక్షితారణ్యం. విస్తీర్ణం 23.99 చదరపు కిలోమీటర్లు. 1979లో జాతీయ ఉద్యానమైంది. గుజరాత్‌లోని నాలుగు జాతీయ ఉద్యానాల్లో, అంటే గిర్, వెలావదర్, కచ్ సింధుశాఖలోని సముద్ర ఉద్యానంతో కలిపి చూస్తే, ఇదే అన్నిటికన్నా చిన్నది. ఒక్క గిర్ ఉద్యానంలోనే ఇలాంటివి పది పడతాయి. సింహం, కృష్ణజింక లాంటి పేరుమోసిన జంతువు లేదు కాబట్టి పర్యాటకుల తాకిడి కూడా తక్కువే. సూరత్, నవసారి, వల్సాడ్ మైదానాలకు తూర్పున కొండవాలుల మీద ఒకప్పుడు పరుచుకొని ఉన్న టేకు, వెదురు అడవిని గొడ్డలి ముట్టకపోతే అది ఎలా పెరుగుతుందో చూడాలంటే మాత్రం ఇక్కడికే రావాలి.

సూరత్ తూర్పు పేటలైన లింబాయత్, గోడాదరాల్లో సాంచాల (మరమగ్గాల) పనికి వచ్చి స్థిరపడ్డ తెలంగాణ కుటుంబాలకు అన్నిటికన్నా దగ్గర జాతీయ ఉద్యానం ఇదే. రోడ్డు దారిన దూరం సుమారు వంద కిలోమీటర్లు.

ఉనికి, వాతావరణం

పశ్చిమ కనుమలు తపతికి దక్షిణంగా మొదలై సుమారు 1600 కిలోమీటర్ల పొడవున కన్యాకుమారి దాకా సాగుతాయి. ఆ వరుసకు ఉత్తరపు కొస డాంగ్ కొండలు. ఆ కొండలు పడమటి మైదానంలోకి దిగే చోట వాంసదా అడవి ఉంది. అడుగున ఉన్నది దక్కన్ పీఠభూమిలో చాలాచోట్ల కనిపించే నల్లరాయే, లావా గడ్డకట్టి ఏర్పడిన బసాల్టు. సాపుతారా కొండల్లో పుట్టిన అంబికా నది ఉద్యానానికి ఈశాన్యపు అంచున పారి, బిలిమోరా దగ్గర అరేబియా సముద్రంలో కలుస్తుంది.

ఇక్కడ ఏటా కురిసే వాన 2000 మిల్లీమీటర్లు దాటుతుంది. తెలంగాణ సగటుతో పోల్చితే రెండింతలకు పైమాటే. అదంతా జూన్ నుంచి సెప్టెంబరు లోపలే కురిసిపోతుంది. మిగిలిన ఎనిమిది నెలలు దాదాపు పొడిగానే గడుస్తాయి. ఈ అడవి తీరును నిర్ణయించేది ఈ రెండు కాలాల మధ్య తేడాయే. ఆగస్టులో పగటిపూట కూడా చెట్ల కింద మసక చీకటి ఉంటుంది, బెరడు మీద నాచు, ఫెర్న్ మొక్కలు, ఆర్కిడ్లు కనిపిస్తాయి. మార్చి వచ్చేసరికి టేకు మోడై నిలుస్తుంది, నేలంతా ఎండుటాకులు పరుచుకుంటాయి. అటవీశాస్త్రంలో దీన్ని తేమగల ఆకురాల్చు అడవి అంటారు.

చరిత్ర

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ ప్రాంతపు అడవికి విలువ తెచ్చింది టేకు. బొంబాయి ఓడల కార్ఖానాకు మంచి కలప కావలసి, ఆంగ్లేయులు 1842లో డాంగ్ భిల్లు నాయకుల దగ్గర అడవిని కౌలుకు తీసుకున్నారు. అందుకు ఏటేటా నాయకులకు డబ్బు ముట్టజెప్పేవారు. ఆ ఆనవాయితీ పూర్తిగా పోలేదు. హోళీకి ముందు ఆహ్వాలో జరిగే డాంగ్ దర్బారులో ఐదుగురు భిల్లు రాజుల వారసులకు ప్రభుత్వం నేటికీ సాలియానా అందజేస్తుంది. 1971లో దేశంలోని మహారాజుల భరణాలన్నీ రద్దయిపోయినా, ఈ చిన్న రాజుల సాలియానా మాత్రం నిలిచింది.

వాంసదా సంగతి వేరు. సోలంకి రాజపుత్రులు ఏలిన సంస్థానమిది. ఇక్కడి అడవి మహారాజుది. 1948లో సంస్థానం బొంబాయి రాష్ట్రంలో కలిసిపోయింది. 1952 తరువాత ఇప్పటి ఉద్యానం ఉన్న భాగంలో చెట్లు నరకడం ఆగిపోయింది. గుజరాత్ రాష్ట్రం ఏర్పడింది 1960లో, వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది 1972లో, ఉద్యానంగా ప్రకటించింది 1979లో. అంటే చట్టం వచ్చేనాటికే ఈ అడవికి ఇరవై ఏళ్ల విశ్రాంతి దొరికింది. ఇవాళ అక్కడ కనిపించే నిలువెత్తు టేకు మానులకు చట్టం ఎంత కారణమో, దానికి ముందు గడిచిన ఆ ఇరవై ఏళ్లూ అంతే కారణం.

ఈ అడవి మధ్యగా ఒక రైలుదారి వెళ్తుంది. బిలిమోరా నుంచి వఘయి దాకా 63 కిలోమీటర్ల చిన్న పట్టాల మార్గమది. పట్టాల మధ్య వెడల్పు 762 మిల్లీమీటర్లు. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో బరోడా గాయక్వాడ్ ప్రభుత్వం దీన్ని వేయించింది. కొండల కలపను మైదానానికి దించడం దాని ముఖ్యమైన పని. 2020లో ఆగిపోయిన రైలు మరుసటి ఏడు మళ్లీ మొదలైంది, ఈసారి పర్యాటకుల కోసం పెద్ద అద్దాలు బిగించిన పెట్టె ఒకటి తగిలించారు.

చెట్టూ చేమా

ఉద్యానంలో నాలుగు వందలకు పైగా పూలమొక్కల జాతులు నమోదయ్యాయి. పెద్దరికం టేకుదే. దాని పక్కన స్థానికులు సాదడ్ అనే నల్లమద్ది, చండ్ర, పసుపు కడిమి, తునికి, మోదుగ, బూరుగ, పాలకొడిసె, ఇప్ప పెరుగుతాయి. జాబితా చదివిన ఆదిలాబాద్ మనిషికి ఇది సొంత అడవిలాగే తోస్తుంది. ఆ పోలిక నిజమే. తేడా వచ్చేది వాన దగ్గర. అక్కడ విడివిడిగా నిలబడే ఇవే చెట్లు ఇక్కడ దట్టంగా, పొడుగ్గా ఎదిగాయి. చెట్టు నుంచి చెట్టుకు పాకే లావుపాటి తీగలు ఎక్కువ.

టేకు తరువాత చెప్పుకోవలసింది వెదురు. ఇక్కడ రెండు రకాలున్నాయి. మాన్‌వేల్ అనేది సన్నగా, గట్టిగా, లోపల దాదాపు నిండుగా ఉండేది, తెలుగువారు సాధన వెదురు అంటారు. కటాస్ అనేది లావుగా, బోలుగా, కణుపుల దగ్గర ముళ్లతో పొదలా అల్లుకునేది, అదే ముళ్ల వెదురు. ముళ్ల వెదురు పొద చుట్టూ మనిషి తిరిగి రావడమే కష్టం. చిరుతకు, అడవిపందికి అందులో మంచి దాగుడుచోటు. ఈ జాతి దశాబ్దాలపాటు ఒక్క పువ్వు కూడా పూయదు. కాలం రాగానే ఒక ప్రాంతంలోని పొదలన్నీ కలిసికట్టుగా పూసి, గింజ రాల్చి, ఎండిపోతాయి. రాలిన గింజల వల్ల ఎలుకలు పెరుగుతాయి, ఎండిన బొంగుల వల్ల వేసవి మంటలు పెరుగుతాయి. ఆ తరువాత కొన్నేళ్లు అడవిలో వెలుతురు లెక్కే మారిపోతుంది, కింద అణగారి ఉన్న మొలకలు ఒక్కసారిగా ఎదుగుతాయి.

చండ్ర చెట్టు చేవను ఉడకబెట్టి కాచు తీయడం కాథోడి తెగవారి కులవృత్తి. పాన్‌లో వేసే కాచు అదే. వెదురు చీల్చి బుట్టలు, చాటలు అల్లడం కోట్వాలియాల పని. ఈ రెండు తెగలనూ ప్రభుత్వం ప్రత్యేకించి బలహీనమైన ఆదివాసీ సముదాయాల్లో చేర్చింది. అడవి మీద కట్టుదిట్టం పెరిగినప్పుడల్లా ముందుగా దెబ్బ తగిలేది ఇలాంటి ఒకే సరుకు మీద బతికేవారికే.

జంతుజాలం

ఉద్యానంలో పెద్ద వేటజంతువు చిరుతపులి. పులి ఇరవయ్యో శతాబ్దం ముగిసేలోపే ఈ ప్రాంతం నుంచి మాయమైంది. హైనా, అడవిపంది, ముళ్లపంది, అలుగు, నాలుగు కొమ్ముల కొండగొర్రె, మొరిగే జింక, పునుగుపిల్లి, మానుపిల్లి, ఎగిరే ఉడుత, కొండముచ్చు, కోతి ఉన్నాయి. కొండచిలువతో పాటు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి కూడా ఉన్నాయి. రాత్రిపూట తిరిగే తుప్పు రంగు మచ్చల పిల్లి ప్రపంచంలోని అడవి పిల్లుల్లో అతి చిన్న వాటిలో ఒకటి, బరువు కిలోన్నర అటూ ఇటూ. దాన్ని చూసినవారు అరుదు.

2020లో రేచుకుక్కలు ఇక్కడి కెమెరా ట్రాప్‌లకు చిక్కాయి. అప్పటిదాకా గుజరాత్‌లో అవి దశాబ్దాలుగా కనిపించలేదు. గుంపుగా వేటాడే జంతువు అది, దానికి ఇరవై నాలుగు చదరపు కిలోమీటర్లు ఏ మూలకూ చాలవు. వాంసదాలో కనిపించిన రేచుకుక్క డాంగ్ కొండల మీదుగా మహారాష్ట్ర అడవులతో ఏదో ఒక దారి ఇంకా తెగిపోలేదనడానికి సాక్ష్యం. ఉద్యానం విలువను కొలిచేటప్పుడు దాని సొంత విస్తీర్ణంకన్నా ఈ దారినే ముందు లెక్కలోకి తీసుకోవాలి.

సాలీళ్లలో నూటికి పైగా జాతులు ఇక్కడ నమోదయ్యాయి. వాటిలో పెద్దది జెయింట్ వుడ్ స్పైడర్. వానలు వెనకబట్టే రోజుల్లో కాలిబాటకు అడ్డంగా, మనిషి తల ఎత్తులో, మీటరుకు మించిన వెడల్పుతో దాని గూడు వేలాడుతుంది. ఎండ పడితే పోగులు పసుపు రంగులో మెరుస్తాయి. వేలితో తాకితే గట్టిగా సాగుతాయి, అంత సులువుగా తెగవు. మధ్యలో తలకిందులుగా కూర్చున్నది ఆడది. కాళ్లు చాపితే అరచేతిని మించుతుంది. అదే గూటి అంచున బియ్యపు గింజంత ఎర్రని పురుగు ఒకటి కదలకుండా ఉంటుంది. అది పిల్ల కాదు, మగ సాలీడు. ఆడది వేట తింటున్నప్పుడే అది దగ్గరికి పోతుంది, లేకపోతే అదే వేటైపోయే ప్రమాదముంది.

పక్షుల్లో 150కి పైగా జాతులున్నాయి. బూడిద రంగు హార్న్‌బిల్, తోక చివర రెండు ఈకలు వేలాడే భృంగరాజు, మలబార్ ట్రోగన్, మలబార్ ఈలపిట్ట వాటిలో కొన్ని. చివరి రెండూ కేరళ, కొంకణ తడి అడవుల పక్షులు. పశ్చిమ కనుమల వెంబడి ఉత్తరాన వాటి విస్తరణ దాదాపు ఈ కొండల దగ్గరే ముగుస్తుంది.

అడవి గుడ్లగూబ ముచ్చట

డాంగ్ అడవుల పక్షుల్లో ప్రపంచం దృష్టికి వచ్చినది ఫారెస్ట్ ఔలెట్ అనే చిన్న గుడ్లగూబ. 1884 తరువాత దాన్ని పట్టుకున్నవారు లేరు. ఒక్క మినహాయింపు ఉండేది: బ్రిటిష్ సైనికాధికారి రిచర్డ్ మైనర్ట్‌జాగెన్ 1914లో సూరత్ జిల్లాలోని మాండ్వి దగ్గర, తపతి ఒడ్డున ఒకదాన్ని సేకరించానని రాసుకున్నాడు. పక్షిశాస్త్రజ్ఞులు దశాబ్దాల తరబడి ఆ చీటీని నమ్మారు. పామెలా రాస్ముసెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు పాత నమూనాలను పరిశీలించగా, అది 19వ శతాబ్దంలో జేమ్స్ డేవిడ్సన్ సేకరించిన పక్షి అనీ, బ్రిటిష్ మ్యూజియం నుంచి దొంగిలించి, మళ్లీ కుట్టి, కొత్త చీటీ తగిలించినదనీ తేలింది. మాండ్వి ఆధారం కొట్టివేశాక వెతకవలసిన చోటు తేటపడింది. 1997 నవంబరులో ఆమె, బెన్ కింగ్, డేవిడ్ అబ్బాట్ కలిసి మహారాష్ట్రలో శహాదా దగ్గర, డేవిడ్సన్ తిరిగిన ఖాందేశ్ కొండల్లోనే దాన్ని చూశారు. 113 ఏళ్ల తరువాత! 2014లో ఆ పక్షి డాంగ్‌లోని పూర్ణా అభయారణ్యంలో కూడా కనిపించింది. అది నిండు అడవిలో కాక, చెట్లు ఎడంగా ఉండి మధ్యలో ఖాళీ ఉన్న టేకు అడవిలో ఉంటుంది, పగలే వేటాడుతుంది. అంతకాలం ఎవరి కంటా పడకపోవడానికి కారణం దాని దాగుడుతనం కన్నా తప్పుడు చీటీలూ, ఆ ముక్కముక్కల అడవుల్లోకి ఎవరూ పోకపోవడమూ.

అంచులో ఉన్న ఊళ్లు

ఉద్యానం చుట్టూ ఉన్న ఊళ్లలో కూక్ణా, వార్లీ, గామిత్, భిల్లు తెగలవారు ఎక్కువ. వాన మీద ఆధారపడి వరి, నాగలి పండిస్తారు. నాగలి అంటే మనం రాగులు, తెలంగాణలో తైదలు అనేదే. డాంగ్‌లో నాగలి రొట్టె రోజువారీ తిండి. ఇప్పపూవు, తునికాకు, వెదురు చేతి ఖర్చులకు అక్కరకొచ్చే సరుకులు. వేసవిలో ఇప్పపూవు ఏరడానికి వీలుగా చెట్టు కింద ఆకులు కాల్చే అలవాటు మధ్య భారతమంతటా ఉన్నదే. ఆ నిప్పు అదుపు తప్పితే మొలకలూ, నేల మీది గూళ్లూ పోతాయి.

చట్టం ప్రకారం అభయారణ్యంలో కొన్ని హక్కులకు వీలుంటుంది, జాతీయ ఉద్యానంలో పశువుల మేతకు కూడా చోటు లేదు. కాగితం మీద గీత గీసినంత తేలిక కాదు దీన్ని అమలు చేయడం. ఆ గీతకు ఒకవైపు ఉద్యానం, రెండోవైపు కూడా అడవే. డాంగ్ జిల్లా మొత్తం విస్తీర్ణం 1764 చదరపు కిలోమీటర్లు, అందులో అధిక భాగం అడవి. 2011 జనగణన ప్రకారం జిల్లా జనాభా 2,28,291, గుజరాత్‌లో అన్ని జిల్లాలకన్నా తక్కువ. 1990లో ఏర్పడిన పూర్ణా అభయారణ్యం ఒక్కటే 160.84 చదరపు కిలోమీటర్లు, వాంసదాకు ఆరున్నర రెట్లకు పైనే. వాంసదా ఇంత చిన్నదైనా ఇన్ని జంతువులను నిలుపుకోగలిగిందంటే ఆ వెనకనున్న అడవి వల్లే.

చిరుతలైతే ఉద్యానం గీతను ఎన్నడూ లెక్కపెట్టలేదు. మాండ్వి, బార్డోలి, నవసారి మైదానాల్లో నీటి కాలువలు వచ్చాక చెరకు విస్తరించింది. రెండు నిలువుల ఎత్తు పెరిగి, నెలల తరబడి మనిషి అడుగు పెట్టని చెరకు తోట చిరుతకు అడవితో సమానం. కుక్కలు, పందులు తిండికి దొరుకుతాయి. కోతకాలంలో కూలీలకు తోట మధ్య చిరుత పిల్లలు కనిపించడం దక్షిణ గుజరాత్‌లో మామూలు వార్త. అప్పుడు కోత ఆపి, పిల్లలను అదే చోట ఉంచి, జనాన్ని దూరంగా పంపుతారు. తల్లి చీకటి పడ్డాక వచ్చి ఒక్కొక్కదాన్నే నోట కరచుకొని తీసుకుపోతుంది. పిల్లలను తీసుకుపోయి పంజరంలో పెడితే తల్లి ఆ పరిసరాల్లోనే తిరుగుతూ మనుషులకు ప్రమాదకరంగా మారవచ్చు.

మిగిలిపోయిన అడవులు: కొన్ని పోలికలు

ఒకప్పటి పెద్ద అడవికి ఆనవాలుగా మిగిలిన ముక్కలను ఉద్యానాలు చేయడం ప్రపంచంలో చాలాచోట్ల ఉంది. ఆస్ట్రేలియా లోతట్టున, క్వీన్స్‌లాండ్‌లో, బ్రిగలో అనే తుమ్మజాతి చెట్ల అడవి విస్తారంగా ఉండేది. 1960ల నుంచి ప్రభుత్వ పథకం కింద దాన్ని పశువుల మేతకు, సాగుకు చదును చేశారు. రెండు ట్రాక్టర్ల మధ్య లావుపాటి గొలుసు కట్టి లాగితే, మధ్యనున్న చెట్లన్నీ వేళ్లతో పెకలివచ్చేవి. ఒక తరంలోపే ఆ అడవిలో పదోవంతు కూడా మిగల్లేదు. అంతరించిందనుకున్న చిన్న కంగారూ జాతి, బ్రిడిల్డ్ నెయిల్‌టెయిల్ వాలబీ, 1973లో డింగో అనే ఊరి దగ్గర కంచెలు వేసే ఒక పనివాడి కంటపడింది. పత్రికలో బొమ్మ చూసి ఉండడం వల్ల అతను దాన్ని గుర్తుపట్టాడు. ఆ భూములను ప్రభుత్వం కొని టాంటన్ జాతీయ ఉద్యానం చేసింది. దాని సరిహద్దు దాటితే ఎక్కువగా పశువుల బీళ్లే. లోపలి జంతువుకు బయట బంధుగణం లేదు, అందుకే అక్కడి రక్షణలో జంతువులను పెంచి వేరే చోట్ల వదలడం ముఖ్యమైన పనైంది.

హైదరాబాద్‌లో 1998లో ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి (కేబీఆర్) జాతీయ ఉద్యానం కూడా ఇలాంటి ముక్కే, సుమారు 390 ఎకరాలు. దక్కన్ బండరాళ్ల మధ్య పెరిగే పొద అడవి అక్కడ మిగిలింది.  ఆ ఉద్యానం చుట్టూ రోడ్డు, రోడ్డు చుట్టూ నగరం. నెమళ్లు, ముళ్లపందులు ఉన్నాయి గానీ అవి వెళ్లడానికి మరో చోటు లేదు. టాంటన్, కేబీఆర్ రెండూ ద్వీపాలు. వాంసదా ఇంకా ద్వీపం కాలేదు.

ఎదురవుతున్న చిక్కులు

వాంసదా నుంచి వఘయికి పోయే రాష్ట్ర రహదారి ఉద్యానం మీదుగానే వెళ్తుంది. సాపుతారా వేసవి విడిదికి, అక్కడి నుంచి నాసిక్‌కు పోయే వాహనాలకు ఇది ఒక దారి. చీకటి పడ్డాక వాహనాల కింద పడి చిన్న జంతువులు, పాములు చావడం రోడ్డు ఉన్న ప్రతి అడవిలోనూ జరిగేదే. అడవి అంచుల్లో లాంటానా కంప అల్లుకొని కింది మొలకలను ఎదగనివ్వదు.

అన్నిటికన్నా పెద్ద చర్చ నీటి మీద జరిగింది. పార్, తపతి, నర్మదా నదులను కలిపే పథకం కింద డాంగ్, వల్సాడ్ కొండల్లో జలాశయాలు కట్టాలన్నది ప్రతిపాదన. అంబికా పరీవాహకం కూడా అందులో ఉంది. ముంపు భయంతో ఆదివాసీలు 2022లో పెద్దఎత్తున నిరసనలు జరిపారు. అదే ఏడాది మే నెలలో పథకాన్ని విరమించుకుంటున్నట్లు గుజరాత్ ముఖ్యమంత్రి ప్రకటించారు. పైనున్న డాంగ్ అడవి నీటిలో మునిగినా, నరుకుడుకు గురైనా, ఉద్యానంలో ఒక్క చెట్టు కూడా కొట్టకుండానే రేచుకుక్క రాకపోకలకు దారి మూసుకుపోతుంది.

సందర్శన

చూడడానికి అనువైన కాలం వానలు వెనకబట్టిన తరువాత, చలికాలం. అక్టోబరు, నవంబరుల్లో అడవి ఇంకా పచ్చగా ఉంటుంది, సాలీళ్లు పెద్దవై ఉంటాయి. ఫిబ్రవరి నుంచి ఆకు రాలడంతో పక్షులు సులభంగా కంటపడతాయి. సూరత్ లేదా ఉధనా స్టేషన్ నుంచి రైల్లో బిలిమోరాకు వచ్చి, అక్కడి నుంచి రోడ్డు మీద గానీ చిన్న రైల్లో గానీ వఘయి చేరవచ్చు. దారిలో ఉనాయి దగ్గర వేడినీటి బుగ్గలు, ఉనాయి మాత గుడి ఉన్నాయి. వఘయి సమీపంలో అంబికా ఒడ్డున అటవీశాఖవారి కిలాద్ విడిది ఉంది. ఊరి పక్కనే 1966లో ఏర్పాటైన 24 హెక్టార్ల బొటానికల్ గార్డెన్‌లో డాంగ్ చెట్లకు పేరు పలకలు కట్టి ఉంటాయి. అడవిలో చెట్లను గుర్తుపట్టడం కష్టమనిపించేవారు ముందుగా ఈ తోట చూసి వెళ్లడం మేలు. ఉద్యానంలోకి అటవీశాఖ అనుమతితోనే ప్రవేశం.